క్రియాశీల ఆక్సిజన్: అణచవలసిన విషమా, వినవలసిన సంకేతమా?

హైదరాబాదు పాతబస్తీలోని జహనుమాకు ఒకవైపు సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. మరొకవైపు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, భారత వరి పరిశోధన సంస్థ ఉన్నవి. బెట్టను, ముంపును, ఎండను పైరు ఎట్లా తట్టుకొంటుందో దశాబ్దాలుగా పరిశీలిస్తున్న సంస్థలివి. అయినా ఆ బస్తీ మందుల దుకాణంలో మనుషులకు అమ్మే యాంటీ ఆక్సిడెంట్ మాత్రకూ, జిల్లాలలోని ఎరువుల దుకాణంలో పైరుకు అమ్మే యాంటీ ఆక్సిడెంట్ సీసాకూ ఆధారం ఒకే నమ్మకం. కణంలో పుట్టే క్రియాశీల ఆక్సిజన్ అణువులు విషమనీ, వాటిని ఎంత తగ్గిస్తే అంత మేలనీ ఆ నమ్మకం. ఇది దుకాణాలలో పుట్టినది కాదు. పాఠ్యపుస్తకాలు, పరిశోధన సిద్ధాంత వ్యాసాలు, విస్తరణ కరపత్రాలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటే అక్కడికి చేరింది.

అందులో సగం నిజం ఉన్నది. మిగిలిన సగం గత ముప్ఫై ఏళ్ల పరిశోధనలో స్పష్టపడింది. ఆ అణువులే కణానికి వార్తాహరులు కూడా. మైటోకాండ్రియా తన పనిని తాను సరిదిద్దుకోవడానికి వాటినే సంకేతాలుగా వాడుకొంటుంది. ఈ రెండవ సగాన్ని విస్మరించడం వల్ల కలిగే నష్టం ప్రయోగశాలకు పరిమితం కాదు. రైతు సీసాకు పెట్టే ఖర్చులో, విశ్వవిద్యాలయం ఇచ్చే పరీక్షా నివేదికలో, విద్యార్థి చేసే కొలతలలో అది కనిపిస్తుంది.

విషమన్న పేరు ఎట్లా వచ్చింది?

మైటోకాండ్రియా కణానికి శక్తినిచ్చే కేంద్రం. ఆ శక్తిని కణమంతటా అందించే అణువు ఏటీపీ. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరంలో గుర్తించిన పదార్థమిది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని గుర్తించాడు. ఆహారం నుండి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపొరలోని రవాణా గొలుసు వెంట ప్రయాణించి, చివరకు ఆక్సిజన్‌ను చేరినప్పుడు నీరు ఏర్పడుతుంది. ఒక ఆక్సిజన్ అణువు పూర్తిగా నీరుగా మారడానికి నాలుగు ఎలక్ట్రాన్లు కావాలి. గొలుసులోని మొదటి, మూడవ సముదాయాల వద్ద ఒక్కొక్కసారి ఒంటరి ఎలక్ట్రాన్ దారి తప్పి నేరుగా ఆక్సిజన్‌ను చేరుతుంది. అప్పుడు సూపరాక్సైడ్ పుడుతుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ దానిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఇనుము అయాన్ల సమక్షంలో పెరాక్సైడ్ విచ్ఛిన్నమైతే హైడ్రాక్సిల్ రాడికల్ ఏర్పడుతుంది. వీటినన్నింటినీ కలిపి క్రియాశీల ఆక్సిజన్ అణువులని వ్యవహరిస్తారు.

1956లో డెన్‌హామ్ హార్మన్, ఇటువంటి రాడికల్స్ కలిగించే నష్టమే ముసలితనానికి కారణమని ప్రతిపాదించాడు. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్‌లు సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ పనిని కనుగొన్నారు. తొలగించడానికి ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఉన్నదంటే తొలగించవలసినది శత్రువే అయి ఉండాలన్న భావన అప్పటి నుండి బలపడింది. ఆ తరువాత వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ఒత్తిడి శరీరధర్మశాస్త్రం ఈ చట్రంలోనే ఎదిగింది. బెట్ట వచ్చినది, క్రియాశీల ఆక్సిజన్ పెరిగినది, పొరలు దెబ్బతిన్నవి, దిగుబడి తగ్గినది అన్న వరుస కంఠస్థ పాఠమైంది.

ఈ పాఠంలోని లోపం, వేర్వేరు స్వభావాలు గల అణువులను ఒకే గాటన కట్టడం. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటనే, తాకిన ప్రతి పదార్థంతోనూ చర్య జరుపుతుంది. దానిని తొలగించే ఎంజైమ్ ఏదీ లేదు. అది నిజంగా విధ్వంసకారి. హైడ్రోజన్ పెరాక్సైడ్ అటువంటిది కాదు. దానికి విద్యుదావేశం లేదు, కొంతసేపు నిలుస్తుంది, నీటి రవాణాకు ఉన్న ఆక్వాపోరిన్ ద్వారాల గుండా పొరలను దాటగలుగుతుంది. ప్రోటీన్లలోని కొన్ని ప్రత్యేకమైన సిస్టీన్ల గంధక భాగాన్ని మాత్రమే ఎంచి మారుస్తుంది. ఆ మార్పును థయోరెడాక్సిన్ వంటి ప్రోటీన్లు తిరిగి పూర్వస్థితికి తేగలుగుతవి. అవసరమైనప్పుడు పుట్టడం, చేరవలసిన చోటికి చేరడం, తాకవలసిన దానినే తాకడం, పని తీరగానే తొలగడం అన్నవి ఒక సంకేతానికి ఉండవలసిన లక్షణాలు. ఈ నాలుగూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ఉన్నవి. అట్లా చూసినప్పుడు డిస్మ్యుటేజ్, కాటలేజ్, పెరాక్సిడేజ్ వంటి ఎంజైములు కేవలం చెత్త ఊడ్చేవి కావు. సంకేతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నిర్ణయించే హద్దులు కూడా అవే.

మైటోకాండ్రియా తనను తాను సరిదిద్దుకొనే తీరు

మొక్కల మైటోకాండ్రియాకు జంతువుల మైటోకాండ్రియాలో సాధారణంగా కనిపించని ఒక పక్కదారి ఉన్నది. దాని పేరు ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్. గొలుసులో రద్దీ పెరిగినప్పుడు ఇది మూడవ, నాలుగవ సముదాయాలను తప్పించి ఎలక్ట్రాన్లను నేరుగా ఆక్సిజన్‌కు చేర్చి నీరుగా మారుస్తుంది. ఆ దారిలో ఏటీపీ తక్కువగా తయారవుతుంది. పైచూపుకు ఇది వృథా. కాని 1999లో మాక్స్‌వెల్, వాంగ్, మెకింటోష్‌లు పొగాకు కణాలపై జరిపిన ప్రయోగంలో, ఈ ఎంజైమ్‌ను అణచిన కణాలలో క్రియాశీల ఆక్సిజన్ పెరిగింది, దానిని అధికంగా తయారుచేసిన కణాలలో తగ్గింది. అంటే ఈ పక్కదారి ఎలక్ట్రాన్ల రద్దీని తగ్గించే కాలువ వంటిది.

ఈ కాలువ గేటు తెరిచే సంకేతాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకటి కావడం గమనార్హం. గొలుసు ఇబ్బందిలో పడితే పెరాక్సైడ్ పెరుగుతుంది. ఆ సమాచారం కేంద్రకానికి చేరి ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ జన్యువు మేల్కొంటుంది. అరబిడాప్సిస్ మొక్కలో ఈ వార్తను మోసే ప్రోటీన్లలో ఏనాక్17 అన్నది కణంలోని అంతర్జీవద్రవ్య జాలానికి కట్టివేసి ఉంటుందనీ, మైటోకాండ్రియాకు ఇబ్బంది కలిగినప్పుడు ఆ కట్టు తెగి కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను పనిచేయిస్తుందనీ 2013లో వెలువడిన పరిశోధన తెలిపింది. మరొక మార్గం ఇంకా సూటిగా ఉన్నది. సూపరాక్సైడ్ బంగాళాదుంప మైటోకాండ్రియాలో లోపొర గుండా ప్రోటాన్లు కారిపోయే దారిని తెరుస్తుంది. పొర మీది ఒత్తిడి తగ్గుతుంది, దాంతో సూపరాక్సైడ్ పుట్టుకా తగ్గుతుంది. అకోనిటేజ్ అనే ఎంజైమ్‌ది మరొక తీరు. దానిలోని ఇనుము–గంధక కూటమి సూపరాక్సైడ్ తాకిడికి చెదిరి, క్రెబ్స్ వలయం వేగం తగ్గుతుంది. గొలుసుకు అందే ఎలక్ట్రాన్లు తగ్గుతవి. అక్కడ పేరుకొన్న సిట్రేట్ కూడా ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ తయారీని ప్రేరేపిస్తుంది. ఈ మూడు మార్గాలలోనూ క్రియాశీల ఆక్సిజన్ తన పుట్టుకను తానే అదుపుచేసే సమాచారంగా పనిచేస్తున్నది. మొదటి వార్తనే చెరిపివేస్తే ఈ సర్దుబాట్లు ఏవీ సకాలంలో మొదలు కావు.

ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన పరిశోధన తక్కువ కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఏ.ఎస్. రాఘవేంద్ర, కె. పద్మశ్రీ, వారి సహచరులు బఠాణీ ఆకుల నుండి వేరుచేసిన ప్రోటోప్లాస్టులపై మైటోకాండ్రియా, హరితరేణువుల పరస్పర సంబంధాన్ని విస్తృతంగా పరిశీలించారు. మైటోకాండ్రియాలోని ప్రధాన మార్గాన్ని ఆంటిమైసిన్‌తో, పక్కదారిని సాలిసిల్‌హైడ్రాక్సమిక్ ఆమ్లంతో వేర్వేరుగా అడ్డుకొన్నప్పుడు శ్వాసక్రియతో పాటు కిరణజన్య సంయోగక్రియ కూడా కుంటుపడింది. ఈ సహకారంలో క్రియాశీల ఆక్సిజన్, యాంటీ ఆక్సిడెంట్ వ్యవస్థల ప్రాముఖ్యాన్ని వారి బృందం 2010లో ప్రచురించిన పత్రం చర్చించింది. పగటివేళ ఆకులో మైటోకాండ్రియా ఊరక ఉండదనీ, హరితరేణువులలో మిగిలిన శక్తిని సర్దుబాటు చేస్తుందనీ ఈ పరిశోధనల సారాంశం. గచ్చిబౌలిలో వెలుగుచూసిన ఈ అవగాహన పంట పొలాల వరకు రావలసినంతగా రాలేదు.

ఆడ–మగ వరి చెప్పే పాఠం

సంకేతమన్న మాట పుస్తకాలకే పరిమితమనుకొనేవారు కరీంనగర్, వరంగల్ ప్రాంతాల హైబ్రిడ్ వరి విత్తన క్షేత్రాలను చూడవలసి ఉన్నది. అక్కడి రైతులు ఆడ–మగ వరిగా పిలిచే పంటలో ఆడ వరుసల మొక్కలకు సొంత పుప్పొడి పనికిరాదు. వెన్ను పూర్తిగా బయటికి రావడానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. పూత సమయంలో తాళ్లు లాగి మగ వరుసల పుప్పొడిని ఆడ వరుసలపైకి రాలుస్తారు. ఈ శ్రమంతటికీ మూలమైన పురుష వంధ్యత్వం మైటోకాండ్రియాలో ఉన్నది. 1970లో చైనాలోని హైనాన్ ద్వీపంలో యువాన్ లాంగ్‌పింగ్ బృందం గుర్తించిన ఒక అడవి వరి మొక్క నుండి ఈ వంధ్య కణద్రవ్యం వచ్చింది. ప్రపంచంలోని హైబ్రిడ్ వరిలో ఎక్కువ భాగం, 1993–94లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైన తొలి హైబ్రిడ్ రకాలు ఏపీహెచ్ఆర్–1, ఏపీహెచ్ఆర్–2 సహా, ఈ కోవకు చెందినవే.

అది ఎట్లా పనిచేస్తుందో 2013లో దక్షిణ చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వంధ్య మైటోకాండ్రియాలో డబ్ల్యుఏ352 అనే జన్యువు ఉన్నది. దాని ప్రోటీన్, పుప్పొడికి పోషణ నిచ్చే టపీటం పొరలో, పుప్పొడి మాతృకణాలు ఏర్పడే దశలో పేరుకొంటుంది. అక్కడ అది పెరాక్సైడ్ నియంత్రణలో పాలుపంచుకొనే కాక్స్11 అనే మరొక ప్రోటీన్‌ను అడ్డుకొంటుంది. ఫలితంగా క్రియాశీల ఆక్సిజన్ ఒక్కసారిగా ఎగసి, టపీటం పొర సమయానికి ముందే చనిపోతుంది. పోషణ అందని పుప్పొడి వట్టిపోతుంది. అదే మొక్క ఆకులు, వేర్లు, పిలకలు మామూలుగానే పెరుగుతవి. ఒకే జన్యువు, ఒకే మొక్క. తేడా చోటులోనూ సమయంలోనూ ఉన్నది.

దీనిని విన్నవారు క్రియాశీల ఆక్సిజన్ విషమన్న వాదనకు ఇదే రుజువని అనవచ్చు. 2016లో కొరియా శాస్త్రజ్ఞులు వరిలోనే పరిశీలించిన మరొక జన్యువు ఆ వాదనకు సమాధానం చెబుతుంది. డీటీసీ1 అనే ఆ జన్యువు లోపించిన మొక్కలలో టపీటం పొరలో క్రియాశీల ఆక్సిజన్ పెరగవలసిన సమయంలో పెరగదు. ఆ పొర చనిపోవలసిన వేళకు చనిపోదు. ఆ మొక్కలు కూడా వంధ్యమే. ముందుగా ఎగసినా తాలే, ఎగయకపోయినా తాలే. వరి పువ్వులోని ఒక పొరలో ఈ అణువులను తగ్గించడం మేలా, పెంచడం మేలా అన్న ప్రశ్నకు అర్థం లేదు. ఏ దశలో, ఎంత అన్న ప్రశ్నకే అర్థం ఉన్నది.

మండెలోనూ ముంపులోనూ అదే సూత్రం

వరి విత్తనాన్ని నానబెట్టి మండె కట్టడం తెలుగు రైతులకు తరతరాల అలవాటు. ఎండిన విత్తనంలో నిద్రాణంగా ఉన్న మైటోకాండ్రియా నీరు తాకగానే శ్వాసక్రియను మొదలుపెడుతుంది. దానితో పాటు క్రియాశీల ఆక్సిజన్ కూడా పుడుతుంది. ఇది ఒక కనీస స్థాయిని దాటకపోతే నిద్రావస్థ వీడదు, పై హద్దును దాటితే పిండం దెబ్బతింటుంది. ఈ రెండింటి నడుమ ఉన్న అవధిని విత్తన శరీరధర్మ శాస్త్రజ్ఞులు మొలకకు అనువైన ఆక్సీకరణ కిటికీగా 2008లో వర్ణించారు. మోతాదు ప్రాధాన్యం ఇక్కడి సిఫార్సులలో ఎప్పటి నుండో ఉన్నది. కొత్త వరి విత్తనం నిద్రావస్థ తొలగించడానికి, నిద్ర తక్కువగా ఉన్న రకాలకు లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్లు, ఎక్కువగా ఉన్న రకాలకు 10 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి 24 గంటలు నానబెట్టమని విస్తరణ సిబ్బంది చెబుతారు. ఈ ఆమ్లం చర్యలో నైట్రేట్ వంటి ఇతర అంశాలకు కూడా పాత్ర ఉన్నది గనుక దీనిని క్రియాశీల ఆక్సిజన్‌కే అంటగట్టరాదు. అయితే మందు, విషం అన్న తేడా మోతాదును బట్టి నిర్ణయమవుతుందని రైతుకు కొత్తగా నేర్పవలసిన పని లేదని ఈ సిఫార్సు చెబుతున్నది.

ముంపు విషయం చూస్తే సమయం ప్రాధాన్యం తెలుస్తుంది. నీట మునిగిన వరిలో కణుపుల వద్ద కొత్త వేర్లు పొడుచుకు రావడానికి, అడ్డుగా ఉన్న పైపొర కణాలు ముందుగా చనిపోవాలి. వేర్లకు, కాండానికి గాలినందించే వాయుకణజాలం ఏర్పడడానికి కూడా కొన్ని కణాలు తొలగాలి. ఇథిలీన్‌తో కలిసి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఈ పనులు చేయిస్తుంది. ముంపు ఉన్నంతకాలం అది మొక్కకు సహాయకారి. నీరు తీసి గాలి, ఎండ ఒక్కసారిగా తగిలినప్పుడు అదే ఆక్సిజన్ ముప్పుగా మారుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో రూపొందిన స్వర్ణ, అనగా ఎంటీయూ 7029 రకంలోకి, ఒడిశా దేశవాళీ ఎఫ్ఆర్13ఏ నుండి సబ్1ఏ జన్యువును చేర్చగా వచ్చిన స్వర్ణ–సబ్1 2009లో విడుదలైంది. ఈ జన్యువు మునిగిన కాలంలో ఎదుగుదలను ఆపి పిండిపదార్థాన్ని పొదుపు చేయించడంతో పాటు, నీరు తీసిన తరువాత క్రియాశీల ఆక్సిజన్ పేరుకొనకుండా అదుపు చేస్తుందని 2011లో వెలువడిన పరిశోధన తెలిపింది. అదుపు అవసరమైన ఘడియలోనే అదుపు చేయడం దాని విశేషం. రైతు మునిగిన పొలంలో యాంటీ ఆక్సిడెంట్ పిచికారీ ఎప్పుడు చేయాలని అడిగితే, ఈ రెండు దశల తేడా తెలియని సలహాదారు సరైన సమాధానం చెప్పలేడు.

సీసాలు, అనుమతులు, పరీక్షలు

1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును కేంద్ర ప్రభుత్వం 2021 ఫిబ్రవరిలో సవరించి, అంతవరకు ఏ చట్టం కిందికీ రాకుండా అమ్ముడవుతున్న బయోస్టిమ్యులెంట్లను దాని పరిధిలోకి తెచ్చింది. సముద్రపు నాచు వంటి వృక్ష సారాలు, ప్రోటీన్ హైడ్రోలైసేట్లు, హ్యూమిక్ ఆమ్లాలతో పాటు యాంటీ ఆక్సిడెంట్లు, బాష్పోత్సేక నిరోధకాలు కూడా అందులో వర్గాలుగా ఉన్నవి. అనుమతికి ముందు వేర్వేరు వాతావరణ మండలాలలో క్షేత్ర పరీక్షలు జరగాలన్న నియమం ఉన్నది. ఆ పరీక్షలు జరిపేది జాతీయ వ్యవసాయ పరిశోధన వ్యవస్థలోని సంస్థలు, అనగా వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కూడా. కాబట్టి ఈ వర్గపు సీసాలు దుకాణానికి చేరడంలో శాస్త్రజ్ఞుల సంతకానికి బాధ్యత ఉన్నది.

ఇక్కడ ఒక ఉదాహరణ చాలు. బెట్ట మొదలైనప్పుడు వేర్లు, ఆకులలో పెరిగే అబ్సిసిక్ ఆమ్లం పత్రరంధ్రాలను మూయిస్తుంది. ఆ ఆజ్ఞను రక్షక కణాలలో అమలుపరిచే సంకేతాలలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ముఖ్యమైనది. ప్రయోగశాలలో ఆకుపొర ముక్కలకు కాటలేజ్ అందిస్తే అబ్సిసిక్ ఆమ్లం ఇచ్చినా రంధ్రాలు సరిగా మూసుకొనవు. అంటే బెట్ట తొలిరోజులలో ఈ సంకేతాన్ని బలంగా తుడిచివేసే పదార్థం మొక్క నీటి పొదుపును దెబ్బతీసే అవకాశం ఉన్నది. పొలంలో పిచికారీ చేసిన మందు రక్షక కణాలకు ఎంత చేరుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్నవి పరీక్షించి తెలుసుకోవలసిన విషయాలు. పరీక్షా ప్రణాళికలో బెట్ట తొలి దశ నీటి వినియోగం, పత్రరంధ్రాల ప్రవర్తన లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

మనుషుల విషయంలో ఇటువంటి పరీక్ష జరిగింది. 2009లో జర్మనీలో రిస్టో బృందం, నాలుగు వారాలు వ్యాయామం చేసిన యువకులలో కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చింది. మాత్రలు తీసుకోనివారిలో ఇన్సులిన్ చర్య మెరుగుపడింది. తీసుకొన్నవారిలో ఆ మేలు కనిపించలేదు. వ్యాయామంలో మైటోకాండ్రియా నుండి వచ్చే కొద్దిపాటి క్రియాశీల ఆక్సిజన్ శరీరాన్ని గట్టిపరిచే సంకేతమని, మాత్రలు దానిని వినబడకుండా చేసినవని వారు వివరించారు. మొక్కలలో కూడా స్వల్ప ఒత్తిడికి గురైన నారు ఆ తరువాతి తీవ్ర ఒత్తిడిని మెరుగ్గా తట్టుకొనడం చాలా పైర్లలో నమోదైంది.

దీనికి వ్యతిరేక వాదన లేకపోలేదు. సాలిసిలిక్ ఆమ్లం, ఆస్కార్బిక్ ఆమ్లం వంటివి పిచికారీ చేసినప్పుడు దిగుబడి పెరిగిన ప్రయోగాలు ఉన్నవి. తీవ్రమైన ఎండలో, సుదీర్ఘమైన బెట్టలో క్రియాశీల ఆక్సిజన్ అదుపు తప్పి పొరలను నాశనం చేయడం కూడా వాస్తవమే. ఆ ఫలితాలను కొట్టివేయడం తగదు. అయితే సాలిసిలిక్ ఆమ్లం స్వయంగా ఒక సంకేత పదార్థం. అది కొన్ని పరిస్థితులలో కణంలోని పెరాక్సైడ్‌ను పెంచుతుంది. దాని మేలును యాంటీ ఆక్సిడెంట్ మేలుగా లెక్కవేయడం తొందరపాటు. మరొక ప్రమాదం రెండవ దిక్కున పొంచి ఉన్నది. క్రియాశీల ఆక్సిజన్ సంకేతమని ప్రచారమైతే రేపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌నే రంగుసీసాలో పోసి అమ్మేవారు వస్తారు. విషమన్న నినాదం స్థానంలో అమృతమన్న నినాదం వచ్చినంత మాత్రాన రైతుకు ఒరిగేదేమీ లేదు.

కొలతలలో రావలసిన మార్పు

పరిశోధన పద్ధతిలో మార్పు స్నాతకోత్తర సిద్ధాంత వ్యాసాల నుండి మొదలు కావాలి. బెట్ట లేదా చౌడు ప్రయోగంలో ఒక నిర్ణీత రోజున ఆకును కోసి, మాలోండయాల్డిహైడ్, డిస్మ్యుటేజ్, కాటలేజ్ విలువలను కొలిచి, ఎంజైమ్ ఎక్కువ ఉన్న రకం తట్టుకొనే రకమని తేల్చడం ఆనవాయితీగా మారింది. ఎంజైమ్ ఎక్కువగా ఉండడానికి రెండు కారణాలు ఉండవచ్చు. మొక్క సిద్ధంగా ఉండి ఉండవచ్చు, లేదా తీవ్రంగా దెబ్బతిని పోరాడుతూ ఉండవచ్చు. జ్వరం కొలిచి రోగి బలవంతుడని చెప్పడం ఎంత అసంబద్ధమో, ఒక్క పూట కొలతతో సహనశక్తిని నిర్ణయించడం అంతే అసంబద్ధం. పైగా మొత్తం ఆకును నూరినప్పుడు హరితరేణువు, మైటోకాండ్రియా, కణకవచాల మధ్య ఉన్న తేడా అంతా కలగలిసిపోతుంది. సంకేతానికి ప్రాణమైన చోటు అక్కడే మాయమవుతుంది.

ఈ లోపాన్ని సవరించడానికి ఖరీదైన పరికరాలే కావాలన్న నియమం లేదు. మొదటగా, ఒకే రోజుకు బదులు ఒత్తిడి ఆరంభంలో, తీవ్రదశలో, కోలుకొనే దశలో, కనీసం మూడుసార్లు కొలవాలి. రెండవది, వీలైనచోట ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ జన్యువు పనితీరును, శ్వాసక్రియలో పక్కదారి వాటాను కలిపి చూడాలి. మూడవది, జీవరసాయన విలువలను పత్రరంధ్రాల వాహకత్వంతో, నీటి వినియోగంతో, చివరకు గింజ దిగుబడితో ముడిపెట్టాలి. నాలుగవది, బయోస్టిమ్యులెంట్ పరీక్షలలో ఒత్తిడి లేని మడి, ఒత్తిడికి ముందు పిచికారీ, ఒత్తిడి తరువాత పిచికారీ అన్న మూడు పరిస్థితులను విడివిడిగా ఉంచాలి. ఒత్తిడి లేని మడిలో యాంటీ ఆక్సిడెంట్ వల్ల దిగుబడి తగ్గితే అది కూడా ఫలితమే. దానిని నివేదికలో చేర్చాలి.

విస్తరణలో వాడే మాటలు కూడా మారాలి. పంటకు విషం పుడుతున్నది, దానిని కడిగివేయాలి అన్న మాట రైతును నేరుగా సీసా దగ్గరికి నడిపిస్తుంది. పైరు లోపల హెచ్చరిక మోగుతున్నది, కారణమేమిటో చూడాలి అన్న మాట అతనిని నేల తేమ, వేరు, మురుగు కాలువ, పోషకాల వైపు చూడమంటుంది. జింకు, మాంగనీసు, రాగి, ఇనుము డిస్మ్యుటేజ్ ఎంజైములకు అవసరమైన లోహాలు. తెలంగాణ వరి పొలాలలో జింకు లోపం తరచుగా కనిపించేదే. నేల పరీక్షను అనుసరించి ఆ లోపాన్ని సరిచేయడం మొక్క తన సంకేతాలను తానే అదుపులో ఉంచుకొనే శక్తినిస్తుంది. సీసా కొనమనే ముందు ఈ మాట చెప్పడం విస్తరణ శాస్త్రజ్ఞుని ధర్మం.

విజ్ఞానాన్ని ప్రజల భాషలో చెప్పడం ఈ నగరానికి కొత్త కాదు. జహనుమా అన్న పేరు పైగా ప్రభువుల సౌధం నుండి వచ్చింది. ఆ వంశీయుడైన షమ్సుల్ ఉమ్రా ఫక్రుద్దీన్ ఖాన్ పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలోనే పాశ్చాత్య విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించి తన శిలాముద్రణాలయంలో అచ్చువేయించాడు. నేటి వ్యవసాయ పాఠ్యపుస్తకాలలో క్రియాశీల ఆక్సిజన్ అధ్యాయాన్ని తెలుగులో తిరిగి రాయడం అంతకన్న కష్టమైన పని కాదు. అందులో నష్టం కలిగించే హైడ్రాక్సిల్‌ను, వార్త మోసే పెరాక్సైడ్‌ను వేరుగా చూపాలి. ఆడ–మగ వరి, మండె, స్వర్ణ–సబ్1 ఉదాహరణలుగా ఉండాలి. రానున్న ఖరీఫ్‌లో యాంటీ ఆక్సిడెంట్ వర్గపు ఉత్పత్తులపై జరిగే ప్రతి పరీక్షలోనూ పిచికారీ సమయాన్ని ఒక ప్రత్యేక అంశంగా చేర్చాలన్న నిర్ణయాన్ని పరిశోధనా మండళ్లు ఈలోగానే తీసుకొనవచ్చు. దానికి అదనపు నిధులు పెద్దగా అవసరం లేదు. ప్రణాళికలో ఒక వరుస పెంచితే సరిపోతుంది.